విశ్వకర్మ పూజ మర్నాడు మా కరెంటు బండి

కరెంటు కారు కొన్న ఇంట్లో గేటు వేసుకుని కూర్చోవడం కుదరదు. హిందీ మాట్లాడే కర్మాగారాల ఊరు ఆదిత్యపూర్‌లో మా సందుకి అలాంటి బండి మాదే మొదటిది. వచ్చిన కొత్తలో పాలవాడు మొదలుకొని పక్కింటి పెద్దాయన దాకా అందరూ గేటు పట్టుకుని నిలబడేవారు. వానలో షాక్ కొట్టదా అని ఒకరు అడిగేవారు. బ్యాటరీ పేలదా అని ఇంకొకరు. నడిరోడ్డు మీద అయిపోతే బకెట్టుతో కరెంటు తెచ్చి పోస్తారా అని ఒకాయన అడిగి, తన మాటకి తనే పడీపడీ నవ్వాడు.

నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. “వానొస్తే మీ ఇంట్లో ఫ్రిజ్జి ఆపీసి దణ్ణం ఎడతారేటి?” అని అడిగాను. బండిని వానలో నడిపించవచ్చు, కడగవచ్చు. గుచ్చే ప్లగ్గు మాత్రం రేకుల కింద పొడిగా ఉండాలి. చక్రం సగం మునిగే నీళ్లలోకి తీసుకెళ్లకూడదు. ఆ మాటకొస్తే డీజిల్ బండిని మాత్రం ఎవరు తీసుకెళ్లమన్నారు?

ఆ బండి మా కోడలిది. చైబాసాలో ఆడపిల్లల బడిలో కెమిస్ట్రీ చెబుతుంది. ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద రగడ జరిగింది. బస్సులో వెళ్తే పొద్దున బడి గంటకి అందదు, సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది. మా అబ్బాయి షిఫ్టుల మనిషి, వాడు రోజూ దింపలేడు. సొంత బండి ఉంటేనే ఉద్యోగం, లేకపోతే లేదు. పిల్ల పట్టుబట్టి నడపడం నేర్చుకుని ఈ బండి కొనిపించింది.

మా ఆయనకి అది మొదటి రోజునుంచే నచ్చలేదు. ట్రక్కుల కర్మాగారంలో ఇంజిన్ షాపులో పనిచేసి రిటైరయిన మనిషి. కంపెనీవాళ్ల టెల్కో కాలనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ, రోడ్డు మీద లారీ వెళ్తుంటే కిటికీ దగ్గరికి కూడా వెళ్లకుండా దాని జబ్బేమిటో చెప్పేవాడు. అలాంటివాడి ముందు చప్పుడు లేని బండి పెడితే ఏమంటాడు?

“ఇది బండేటే? ఊపిరి లేదు, దగ్గు లేదు. కుట్టుమిషనుకి నాలుగు చక్రాలెట్టినారు” అన్నాడు.

కోడల్ని ఏమీ అనలేక ఒక షరతు పెట్టాడు. దసరా దాకా చూద్దాం. ఈలోపు దారిలో ఒక్కసారి ఆగిపోయినా బండి అమ్మేయాలి. అమ్మితే ఉద్యోగం కూడా పోయినట్టేనని అందరికీ తెలుసు. కోడలు సరే అంది. మా అబ్బాయి తల ఊపాడు. నన్ను ఎవరూ అడగలేదు, కానీ నేను అప్పుడే కోడలి పక్షం.

ఆ బండికి రోజూ తిండి పెట్టే పని నేనే తీసుకున్నాను. చదువు నాకు యాభై దాటాక వచ్చింది. ఆడవాళ్ల క్లాసులో ముందు తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. తరువాత హిందీ బోర్డులు చదువుకుంటూ హిందీ వచ్చింది. ఇంగ్లీషు ఇంకా సగం దగ్గరే ఉంది. ఆకలి మీద అన్నం తిన్నట్టు, కనబడిందల్లా చదువుతాను. బండితో ఇచ్చిన హిందీ పుస్తకాన్ని మా ఇంట్లో మొదటి నుంచి చివరి దాకా చదివింది నేను ఒక్కదాన్నే. మిగతావాళ్లు బొమ్మలు చూసి బీరువాలో పెట్టేశారు.

అందులో నాకు మొదట పనికొచ్చింది ఎర్త్ సంగతి. షోరూమువాళ్లు ఇచ్చిన ఛార్జర్‌ని మా గోడ ప్లగ్గులో గుచ్చగానే ఎర్రదీపం వెలిగి, పని చేయనంటే చేయనంది. ఛార్జర్ పాడైందని మావాళ్లు షోరూముకి ఫోను చేయబోయారు. పాడైంది ఛార్జర్ కాదు, ఇల్లు. పేరుకి ఎర్త్ తీగ ఉంది గానీ అది భూమిలోకి దిగనే లేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి, గోడ పక్కన గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ పోసి రాడ్డు పాతిస్తే పచ్చదీపం వెలిగింది. ఎండాకాలంలో ఆ గొయ్యిలో కూడా చెంబెడు నీళ్లు పోస్తాను. మందారం మొక్కతో పాటు దానికీ పోస్తే సరిపోతుంది.

రోజూ నిండా ఎక్కించాల్సిన పని లేదని కూడా ఆ పుస్తకమే చెప్పింది. మూడొంతులు దాటాక ఆపెయ్యొచ్చు, దూరం వెళ్లాల్సిన ముందు రోజు నింపుకుంటే చాలు. పొట్ట పగిలేలా తినడం మనిషికీ మంచిది కాదు. ఇంకో సంగతి, టైర్లలో గాలి తగ్గితే కరెంటు ఎక్కువ తాగుతుంది. ఇది మా ఆయన కూడా ఒప్పుకున్నాడు, టైరు ఆయనకి తెలిసిన వస్తువు కాబట్టి.

మా వైపు కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఖర్‌కాయి నది దాటితే కంపెనీ కాలనీల్లో దీపం ఆరదు, ఇవతల మాకు ఆరుతుంది. ఇక్కడ బండి పెట్టుకునేవాళ్లు కరెంటు ఉన్నప్పుడే ఎక్కించుకోవాలి, రాత్రికి చూద్దాంలే అనుకోకూడదు. నేను ఆ పద్ధతిలోనే ఉన్నాను. విశ్వకర్మ పూజ వచ్చి దాన్ని చెడగొట్టింది.

ఈ ఊళ్లో ఆ పూజ అంటే చిన్న సంగతి కాదు. పెద్ద కర్మాగారం నుంచి సైకిలుకి పంచర్లు వేసే బడ్డీ దాకా అన్నిచోట్లా దేవుడు కూర్చుంటాడు. మిషన్లను కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఆ రోజు ఏ మిషనుకీ పని చెప్పరు. ఇంజిన్ షాపులో పూజ అయ్యాక మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగడం మా ఆయన వంతు. దానికి ఎర్రదారం కట్టి వచ్చేవాడు. మర్నాడు ప్రసాదం పంచాకే మళ్లీ పైకి ఎత్తేవాడు. రిటైరయ్యాక ఆయనకి కడగడానికి ఒక పాత స్కూటరు మాత్రమే మిగిలింది. ఆ సంవత్సరం మొదటిసారి ఇంట్లో కారు ఉంది. నచ్చని కారే అయినా పూజ పూజే కదా.

ముందు రోజు బండి చైబాసా వెళ్లి వచ్చింది. ఆ రాత్రంతా కరెంటు లేదు. పూజ రోజు కోడలికి సెలవు. పొద్దున్నే ఆయన లుంగీ ఎగ్గట్టి బండి కడిగాడు. అద్దాలకి, చక్రాలకి, స్టీరింగుకి బొట్లు పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. తరువాత ఛార్జింగు మూత తెరిచి, తడి కుంకుమ వేలు లోపల పెట్టబోయాడు.

“ఓలయ్యో! నోట్లో బొట్టేటి?” అని అరిచాను. “అక్కడ కుంకం పడితే కరెంటెక్కదు. పైనెట్టు, మూత మీదెట్టు!”

“మా షాపులో పానెల్ బోర్డుకి ఎట్టేవోళ్లం గదే.”

“పానెల్ తలుపుకి ఎట్టినారు, తీగలకి ఎట్టలేదు. నానేటి సూడలేదనుకున్నావా, పండగ రోజు మమ్మల్నందర్నీ లోపలికి తీసుకెల్లేవోడివి గదా.”

సణుక్కుంటూ మూత మీద పెట్టాడు. కోడలు వరండాలో నిలబడి ఫోనులో తీస్తూ నవ్వుతోంది. హారతి అయ్యింది, కొబ్బరికాయ కొట్టాడు, బూందీ పంచాం. మధ్యాహ్నం కరెంటు రాగానే నేను ప్లగ్గు గుచ్చి, పచ్చదీపం చూసి, వంటింట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం మళ్లీ చూశాను. తీగ గోడ నుంచి బండి దాకా ఉంది. ఉంది గదా అనుకున్నాను. ఇది చదివేవాళ్లలో బండి ఉన్నవాళ్లుంటే గుర్తుపెట్టుకోండి. తీగ గుచ్చి ఉన్నంత మాత్రాన కరెంటు ఎక్కుతున్నట్టు కాదు, దీపం చూడాలి.

మర్నాడు పొద్దున కోడలు చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బండిలో కూర్చుంది. వెంటనే కేక వేసింది.

“అత్తయ్యా! అరె, చార్జ్ తో హువా హీ నహీ! ఏమీ ఎక్కలేదు!”

పరుగెత్తి వెళ్లి చూశాను. బండి తెర మీద ఛార్జింగు మూడో వంతుకి కొంచెం పైన ఉంది, అంతే. గోడ మీద మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగి, ఆపేసి ఉంది. దానికి ఎర్రదారం కట్టి ఉంది.

ఇద్దరం వెనక్కి తిరిగాం. మా ఆయన పళ్లపొడి చేతిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పూజనాడు మిషన్‌కి పని సెప్పకూడదు గదా” అన్నాడు.

“అది పనేటయ్యా? తిండి గదా!”

“కరెంటు నడుత్తంటే మిషను నడుత్తన్నట్టే. ముప్పై ఏళ్లు అదే సేసినాను.”

ఆ రోజు కోడలి బడిలో పిల్లలకు అర్ధసంవత్సర పరీక్ష, ఆమే నిలబడి జరిపించాలి. తెర మీద చూపిస్తున్న దూరం సరిగ్గా చైబాసా దాకా ఉంది, తిరిగి రావడానికి లేదు. తొందరగా ఎక్కించే పెద్ద ఛార్జర్ ఉన్న చోటు నది అవతల. అక్కడికి వెళ్లి వరుసలో నిలబడితే పరీక్ష అయిపోతుంది. చైబాసాలో ఇంకోటి ఉందని ఫోను చూపిస్తుంది గానీ, పోయిన వారం ఆమె వెళ్తే అది మూసి ఉంది. ఫోనులో ఉన్నదంతా నిజం కాదు, ముందు ఫోను చేసి అడిగి బయలుదేరాలి. బస్సు ఎక్కితే ఆలస్యం. బండిలో వెళ్తే, దారిలో ఆగితే, షరతు ప్రకారం అమ్మకం.

ఆ పిల్ల ముఖం చూసి నాకు కోపం వచ్చింది.

“ఎల్దాం పద. నానూ వత్తాను. నువ్వూ రావయ్యా” అన్నాను. “ఆగితే తొయ్యడానికి మనిషుండాల. ఆపినోడివి నువ్వే గదా.”

నేను గోడ నుంచి ఛార్జర్ ఊడదీసి బండిలో వేశాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చి ఎక్కాడు. ఎక్కినవాడు మళ్లీ దిగి, డిక్కీ తెరిచి, మా అబ్బాయి స్నేహితుడి కోసం ఉంచిన బియ్యం బస్తా తీసి వరండాలో పడేశాడు. బరువు తగ్గుతుందట.

“నానుండిపోతే ఇంకా తగ్గుద్దేమో?” అన్నాడు.

“కూర్చోండి మావయ్యా, టైమ్ నహీ హై” అంది కోడలు.

చైబాసా వెళ్లే సరైకేలా రోడ్డు ఎక్కాక ఆమె ఏసీ ఆపేసింది. అద్దాలు కొంచెం దించింది. ఒకే వేగంలో, లారీకి దూరంగా, మెల్లగా పోనిచ్చింది. వెనక ఉన్నవాళ్లు హారన్ కొట్టి కొట్టి దాటిపోయారు. ఒక ముసలాయన మోపెడ్ మీద కూరగాయల బస్తాతో మమ్మల్ని దాటుతూ లోపలికి వంగి చూశాడు, ఎవరికైనా బాగోలేదేమోనని. నేను ముందు సీట్లో కూర్చుని తెర మీద అంకెలు పైకి చదువుతున్నాను.

“సదవకే” అన్నాడు వెనక నుంచి.

“ఎందుకు సదవకూడదు?”

“గుండె కొట్టుకుంటంది.”

నేను చదవడం మానలేదు. తెలిసి ఉంటేనే మంచిది. కానీ ఆ మాటతో నాకొకటి అర్థమైంది. వారం కిందట ఈ బండి ఆగిపోతే సంబరపడే మనిషి ఇప్పుడు నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఆగితే ఆ నేరం బండిది కాదు, తనది. కోడలి ఉద్యోగం తన చేత్తో లాగిన స్విచ్ మీద పోతుంది. ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒకచోట రోడ్డు పొడుగ్గా పల్లంలోకి దిగుతుంది. కోడలు కాలు ఎత్తేసింది. బండి తనంతట తనే పట్టి పట్టి దిగింది. దిగేసరికి అంకె ఒకటి పెరిగింది.

“పెరిగింది” అని చదివాను.

ఆయన సీట్ల మధ్యలోంచి తల ముందుకి పెట్టాడు. “ఏటి పెరిగింది? మళ్లీ సూడు.”

“పల్లంలో కాలు తీస్తే మోటారు తిరగబడి కరెంటు చేస్తుంది మావయ్యా. బ్యాటరీలోకి పోతుంది. బ్రేక్ గట్టిగా తొక్కితే ఆ శక్తంతా వేడిగా పోతుంది, ముందే కాలు తీసుకోవాలి” అంది కోడలు.

“దిగుతుంటే డీజిల్ ఎనక్కి టాంకీలోకి రావడం నా జన్మలో సూడలేదు” అన్నాడు ఆయన. ఆ తరువాత పల్లం కనబడినప్పుడల్లా “కాలు తియ్యమ్మా, కాలు తియ్యి” అని వెనక నుంచి హెచ్చరిక. ఎత్తు వస్తే ఊపిరి బిగబట్టేవాడు, తను బిగబడితే బండి తేలికవుతుందన్నట్టు.

చైబాసా చేరేముందు తెర మీద తాబేలు బొమ్మ వచ్చింది. అంటే ఇక మెల్లగా పోవాలని అర్థం. నేను చెప్పలేదు. కోడలికి తెలుసు, ఆయనకి తెలియక్కర్లేదు. తాబేలుతోనే బడి గేటు దాకా వెళ్లాం. గంట ఇంకా కొట్టలేదు. ఆమె బండి తాళం నా చేతిలో పెట్టి, సంచి తీసుకుని పరుగెత్తింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించింది. బండికో, మాకో.

అప్పుడు మా పని మొదలైంది. బడి వాచ్‌మన్ మంచివాడు, తన గదిలో ప్లగ్గు చూపించాడు. గుచ్చితే ఎర్రదీపం. అక్కడా ఎర్త్ లేదు. కొందరు ఛార్జర్ని మోసం చేసే చిన్న ప్లగ్గులు పెడతారని విన్నాను. ఆ పని చేయకండి, ఎర్రదీపం మన ప్రాణం కోసమే వెలుగుతుంది. మా ఆయన రోడ్డుకి అటూ ఇటూ చూసి, “పెద్ద మోటారు తిరిగే కాడ ఎర్త్ ఉంటాది” అన్నాడు. షాపులో లారీలు నడిపిన చెయ్యి కాబట్టి స్టీరింగు ఆయనే పట్టాడు. అలా తాబేలుతోనే వెతుక్కుంటూ పోయి ఒక పిండి మిల్లు ముందు ఆగాం.

మిల్లతను మాకంటే కొంచెం చిన్నవాడు. మిల్లు బెల్టు మీద నిన్నటి బంతిదండ వాడిపోయి ఉంది. నేను సాగదీయకుండా హిందీలో చెప్పాను. బండికి కరెంటు కావాలి, బడి వదిలేదాకా కావాలి, అడిగినంత ఇస్తాం. ఎందుకిలా అయిందని అడిగాడు. నేను మా ఆయన వైపు చెయ్యి చూపించాను. మా ఆయన తలవంచుకుని స్విచ్ సంగతి, దారం సంగతి చెప్పాడు.

మిల్లతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “సహీ కియా. కల్ తో మషీన్ కా దిన్ థా” అన్నాడు. చేసింది సరైనదే, నిన్న మిషన్ల రోజే కదా అని. తను కూడా నిన్న మిల్లు ఆపేశాడట.

మా ఆయన ఛాతీ పైకి లేచింది. అంతలో అతను ఇంకో మాట అన్నాడు. “కానీ భాయ్ సాబ్, నేను ముందు రోజే జనం గోధుమలన్నీ పట్టిచ్చేశాను. వాళ్లు పండగ నాడు పస్తుండకూడదు కదా.”

మా ఆయన ఛాతీ మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

మిల్లు ప్లగ్గులో గుచ్చగానే పచ్చదీపం వెలిగింది. మిల్లు మోటారు ఎత్తుకున్నప్పుడు మాత్రం వోల్టేజి పడిపోయి దీపం ఆరేది, తీసి మళ్లీ గుచ్చాల్సి వచ్చేది. ఆ పని ఆయన తీసుకున్నాడు. ఒక గోధుమ బస్తా మీద కూర్చుని బడి వదిలేదాకా దీపం మీంచి చూపు తిప్పలేదు. నేను తినమంటేగాని పక్క హోటలు పూరీ తినలేదు. అదీ ఛార్జర్ వైపు తిరిగే.

పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు బండి చుట్టూ మూగారు. వానలో షాక్ కొట్టదా అని ఒకామె అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. ఎందుకు కొడుతుంది, మూత ఉంది, లోపల రబ్బరు ఉంది, ఎర్త్ ఉంది అన్నాడు. బ్యాటరీ పోతే అని ఒకామె అడిగితే, వారంటీ ఉంది, ఎండలో ఊరికే పడేసి ఉంచకూడదు, ఖాళీ చేసి వదిలేయకూడదు అన్నాడు. ఇవన్నీ ఇంట్లో నేను చదువుతుంటే చెవులు మూసుకుని విన్న మాటలే. దిగుడులో కరెంటు వెనక్కి వస్తుందని చేతులూపుతూ చెప్పేసరికి మిల్లతను కూడా పని ఆపి విన్నాడు.

“కుట్టుమిషను అన్నావు గదా” అన్నాను తెలుగులో, వాళ్లకి అర్థం కాకుండా.

“నువ్వూరుకో. ఇంటికాడ సూద్దాం” అన్నాడు.

బడి వదిలాక కోడలు ఫోనులో మిల్లు ఎక్కడో అడిగి వచ్చింది. ముక్కు మీద సుద్దపొడి ఉంది. పరీక్ష బాగా జరిగిందట, ఒక్క పిల్ల కూడా ఎగ్గొట్టలేదట. తెర చూసి, సగం దాటింది, ఇల్లు చేరడానికి మిగులుతుంది అంది. మిల్లతను అడిగింది ఇచ్చి, ఒక సంచెడు పిండి కూడా కొనుక్కుని బయలుదేరాం.

సరైకేలా దాటేదాకా బండిలో ఎవరూ షరతు మాట ఎత్తలేదు. ఎత్తాలనే అందరి మనసులో ఉంది. కోడలు రెండుసార్లు అద్దంలోంచి వెనక్కి చూసింది. నేను ఎత్తబోయి ఆగాను. తీర్పు చెప్పాల్సినవాడు చెప్పాలి.

మా అబ్బాయి వాళ్ల నాన్నకి ఫోను చేశాడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, వరండాలో బియ్యం బస్తా, తాళం వేసిన తలుపు చూసి కంగారుపడ్డాడు. ఆయన ఫోను స్పీకరు మీద పెట్టాడు, ఆయనకి మామూలుగా వినబడదు. జరిగింది నేను చెప్పాను.

“అయితే మిల్లు దగ్గర ఛార్జింగు పెట్టుకోవాల్సి వచ్చింది. అది ఆగినట్టే కదా, నాన్నా? ఇక బేచ్ దే క్యా?” అన్నాడు వాడు నవ్వుతూ. అమ్మేద్దామా అని.

కోడలు నవ్వలేదు. మూడోసారి అద్దంలోంచి వెనక్కి చూసింది.

“బేచేది లేదు గీచేది లేదు” అన్నాడు ఆయన. ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, రోడ్డు మీదివాళ్లకి కూడా వినబడేలా అరిచాడు. “బండి ఎక్కడా ఆగలేదురా. ఆపింది నాను.”

అవతల వాడు ఏదో అన్నాడు, లారీ చప్పుడులో వినబడలేదు. కోడలు లారీకి దారి ఇచ్చి, మళ్లీ రోడ్డు మధ్యకి వచ్చాక అంది.

“రేపు కూడా పరీక్షే మావయ్యా. పొద్దున్నే వెళ్లాలి.”

“ఎల్లమ్మా” అన్నాడు.